మౌనమెరిగిన కంఠము

ఆట ముగిసిన పిదప గెలుపోటముల లెక్క పత్రికలలో నిలుచును. ఆ యాటను కన్నులకు గట్టించిన కంఠస్వరము మాత్రము విన్నవారి హృదయములలోనే నిలుచును. అమెరికాలోని లాస్ ఏంజలీస్ నగరవాసులు తమ యింటి మనిషిదిగా భావించుకొన్న అట్టి కంఠస్వరము విన్ స్కల్లీది. 1950 మొదలు 2016 వరకు 67 క్రీడావత్సరములు ఆయన ఒకే బేస్‌బాల్ జట్టునకు, డాడ్జర్స్ జట్టునకు, వ్యాఖ్యాతగా నుండెను.

స్కల్లీ 1927 నవంబరు 29వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్సు ప్రాంతమున జన్మించెను. వారి యింటిలో నాలుగు కాళ్ల పెద్ద రేడియో యుండెను. బాలుడు తలగడ తీసికొని దాని క్రిందికి దూరి, ఫుట్‌బాల్ పందెములను ఆలకించుచుండెడివాడు. ఆడువారెవరో అతని కక్కరలేదు. ప్రేక్షకుల హర్షధ్వానము జడివానవలె తనపై కురియుటయే అతని కానందము. ఆ ధ్వనిపై మమకారమే జీవితవృత్తికి మూలమయ్యెను.

ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయమున చదువు ముగించి, 22వ యేట ఆయన బ్రూక్లిన్ డాడ్జర్స్ వ్యాఖ్యాతల బృందమున చేరెను. అచట రెడ్ బార్బర్ ఆయనకు గురువు. సొంత జట్టని పక్షపాతము చూపక కన్నది కన్నట్లు చెప్పవలెననియు, ఇతరుల ననుకరింపక తన స్వరమునే నమ్ముకొనవలెననియు శిష్యుడు గురువునొద్ద నేర్చెను.

1958లో ఆ జట్టు బ్రూక్లినును వీడి, దేశము ఆవలి కొసనున్న లాస్ ఏంజలీసు చేరెను. 1961 వరకు అచటి కొలీజియమే దానికి క్రీడారంగము. అది బేస్‌బాల్ కొరకు కట్టినది కాదు. దూరపు వరుసలవారికి ఆట సరిగా తెలియదు. అందుచే జనులు ట్రాన్సిస్టరు రేడియోలు వెంట తెచ్చుకొని, తమ యెదుట జరుగు ఆటనే స్కల్లీ నోట విని గ్రహించుచుండిరి. 1960లో ఒకనాడు ఆయన, అంపైరు జన్మదినము నేడేయని రేడియోలో చెప్పి, అందఱు ఒక్కసారిగా శుభాకాంక్షలు పలుకవలెనని కోరెను. వేలాది జనులు ఏకకంఠమున పలికిరి. సంగతి తెలియని ఆ అంపైరు నివ్వెరపోయెను.

తోడి వ్యాఖ్యాతతో ముచ్చటించుటకంటె శ్రోతతోనే మాటలాడుట మేలని ఆయన తలంచెను. అందుచే తఱచుగా ఒంటరిగానే పలికెడివాడు. అయినను, ఆయన ప్రజ్ఞ పలుకులకంటె మౌనమున హెచ్చుగా గోచరించెను.

1974 ఏప్రిలు 8వ తేదీ రాత్రి అట్లాంటా నగరమున ఆట జరుగుచుండెను. బేబ్ రూత్ అను పూర్వవీరుడు బంతిని ఆవరణ దాటించి 714 హోమ్ రన్నులు గావించి యుండెను. ఆ సంఖ్యను మించుటకు హ్యాంక్ ఆరన్ కొక్క దెబ్బ చాలును. ఆరన్ నల్లజాతివాడు. శ్వేతజాతి వీరుని కీర్తిని దాటుచున్నాడను ద్వేషముతో కొందఱు ఆయనకు చంపుదుమని లేఖలు వ్రాసిరి. ఆ రాత్రి డాడ్జర్స్ జట్టుపైననే ఆరన్ 715వ దెబ్బ కొట్టెను. స్కల్లీ ఆ వార్త పలికి, వెంటనే నోరు మూసికొనెను. రేడియోలో మౌనమన్న వ్యాఖ్యాతలకు భయము. కాని శ్రోతలకు వినవచ్చినది శూన్యము కాదు. వేలాది జనుల హర్షధ్వానము. కొంత తడవు గడచిన పిదప ఆయన మరల మాటలాడెను. వర్ణభేదము వేళ్లూనిన దక్షిణదేశమున ఒక నల్లజాతివానికై జనులు లేచి నిలిచి జేజేలు పలుకుచున్నారనియు, ఇది దేశమునకును లోకమునకును అద్భుతమైన క్షణమనియు చెప్పెను. తన జట్టు దెబ్బతిన్న వేళ ఇట్లు పలుకగలుగుట గురువు నేర్పిన విద్యకు ఫలము.

2016 అక్టోబరు 2వ తేదీన ఆయన తుది వ్యాఖ్యానము ముగిసెను. 2022 ఆగస్టు 2వ తేదీన 94వ యేట కన్నుమూసెను. మాటలే జీవనాధారమైనవాడు తన మాటను ఆపి, జనుల కంఠమునకు చోటిచ్చెను. రేడియో క్రింద తలగడపై పరుండి బాలుడు విన్న హర్షధ్వానమునే, పెద్దవాడై లోకమునకు వినిపించెను.