బీముతో పాటు చీటీ: ఫోన్లలో మన కాయితాల సంగతి

ఇదివరకు మన షోలాపూర్ ఇండ్లలో కాయితాలన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. రేషన్ కార్డు, మిల్లు టికెట్టు, పీఎఫ్ చీటీలు, పిల్లల స్కూలు దాఖలా, ఆడవాళ్ళ బీడీ కార్డు. చావైనా పెండ్లైనా ఆ పెట్టె మూత తీస్తే పని అయిపోయేది. ఇప్పుడా పెట్టె ఫోన్లోకి పోయింది. మంచిదే, చెదలు పట్టవు, వానకు తడవవు. కానీ ఫోన్లో అవి ఒక్కచోట లేవు. పీఎఫ్ ఒక యాప్‌లో, ఆధార్ ఇంకో దాంట్లో, కరెంటు బిల్లు వాట్సప్‌లో, దవాఖాన రిపోర్టు ఫోటోల నడుమ. దేవుళ్ళ ఫోటోలు, గుడ్ మార్నింగులు దాటుకుంట పోతే గాని కావలసింది దొరకదు.

ఎందుకిట్లయింది? ఫైలు, ఫోల్డరు అనే మాటలే ఆఫీసు బల్ల మీదికెల్లి కంప్యూటర్లోకి వచ్చినయి. ఏ ఆఫీసుకు ఆ ఆఫీసు తన బీరువా తను పెట్టుకుంది, తన నంబరు తను వేసుకుంది. ఆధార్‌కు 12 అంకెలు, పీఎఫ్ యూఏఎన్‌కు ఇంకో 12 అంకెలు. మనిషి ఒక్కడే, బీరువాలు పది.

మిల్లులో మేం చూసిన పద్ధతి వేరే. వార్పింగు ఖాతాలో బీము తయారైతే దానికి ఒక చీటీ కట్టేవాళ్ళు. నూలు నంబరెంత, పోగులెన్ని, పొడవెంత, అన్నీ దాని మీదనే. బీము గంజి ఖాతాకు పోతే చీటీ కూడా పోయేది, సాంచ మీదికి ఎక్కితే చీటీ కూడా వచ్చేది. ఏ ఖాతావాడైనా అదే చీటీ చదివేది. మనుషుల కాయితాలకు కూడా ఇట్లనే ఉండాలని నా మాట. కాయితం మనిషి వెంబడి నడవాలె గాని, మనిషి కాయితం వెంబడి తిరగొద్దు.

ఇక పేర్ల గోస. మన తెలుగోళ్ళకు ఇంటిపేరు ముందు. ఇక్కడి మరాఠీ పద్ధతిలో ముందు పేరు, నడుమ తండ్రి పేరు, చివరికి ఇంటిపేరు. ఆడపిల్లకు పెండ్లయితే నడుమ పేరు, చివరి పేరు రెండూ మారిపోతయి. ఇక లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్ పెట్టి రాస్తరు, ఇంకోచోట కేఎస్‌హెచ్ పెట్టి రాస్తరు. మనం చదివితే ఒక్కటే లక్ష్మి. కంప్యూటరు మాత్రం అక్షరానికి అక్షరం చూస్తది.

మా వాడలో ఒక చెల్లె ఉంది, బీడీలు చేస్తది. ఇంటాయన పోయిండు. ఆయన కాయితాలన్నీ ఆయన ఫోన్లోనే, దానికి తాళం. తాళం నంబరు ఆయనకు తప్ప ఎవరికీ తెల్వదు. రీచార్జి చెయ్యక సిమ్ము బందయింది, ఓటీపీ ఆ నంబరుకే పోతది. తీరా ఆఫీసుకు పోతే బ్యాంకులో ఆమె పేరు ఒక తీరు, ఆయన రికార్డులో ఇంకో తీరు. ఆఫీసాయన తప్పేం లేదు, ఆయన తెర మీద ఇద్దరు ఆడవాళ్ళు కనబడుతున్నరు. ముప్పై ఏండ్లు కాపురం చేసిన మనిషి నేనే ఆయన భార్యనని కాయితాలు పట్టుకొని తిరుగుతున్నది.

కొంత దారి సర్కారు వేసింది. 2015లో డిజిలాకర్ వచ్చింది. అందులో ఒక తేడా మనోళ్ళలో చానామందికి తెల్వదు: ఆఫీసు నేరుగా పంపిన కాయితం అసలుతో సమానం, మనం ఫోటో తీసి ఎక్కించింది ఉత్త ఫోటోనే. పింఛను తీసుకునేవాళ్ళ జీవన ప్రమాణ్ ఇప్పుడు మొఖం చూపించి ఇయ్యొచ్చు. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి వేలిముద్రలు అరిగిన అక్కలకు ఇది పెద్ద ఊరట. పీఎఫ్ పింఛనైతే ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతది, నవంబరులోనే లైను కట్టే పని లేదు. 2023లో చేసిన సమాచార రక్షణ చట్టంలో మన వివరాలు తప్పుంటే దిద్దించుకునే హక్కు రాసి ఉంది. మన తర్వాత ఆ హక్కు ఎవరికో ముందే పేరు చెప్పి పెట్టే వీలు కూడా అందులో రాసిండ్రు. రేకు పెట్టె తాళం కోడలికి ఇచ్చినట్టే అది.

బీరువాలన్నీ కలిసేదాకా మన పని మనం చేసుకోవాలె. ఒక వందపేజీల నోటుబుక్కు తీసుకోండి, ఇంట్లో మనిషికొక పేజీ. ఏ కార్డు మీద పేరు ఏ అక్షరాలతో ఉందో ఉన్నదున్నట్టు రాయండి. దాని పక్కనే ఏ మొబైలు నంబరు కలిపి ఉందో రాయండి. పాసువర్డు, పిన్ను మాత్రం అందులో రాయొద్దు. పీఎఫ్‌లో ఇ-నామినేషన్ చేసిండ్రా లేదా చూడండి. పేరు తేడా ఉంటే మనిషి బతికుండగనే జాయింట్ డిక్లరేషన్ ఫారం పెట్టి దిద్దించండి. ఇంగ్లీషు చదవడం రాకపోతే మనవడినో మనవరాలినో కూసోబెట్టుకోండి. ఆడవాళ్ళ పేజీ ముందు రాయండి, తేడాలు ఎక్కువ వచ్చేది అక్కడనే.

ఆ చెల్లె పేజీ మేం రాస్తే ఆమె పేరు నాలుగు తీర్లు తేలింది. ఇప్పుడు ఆధార్‌లో ఉన్న పేరే బ్యాంకులో కూడా పెట్టించింది, తన పేరు మీద కొత్త సిమ్ము తీసుకుంది. ఇంటాయన రికార్డు దిద్దే ఫారం ఇంకా ఆఫీసులోనే ఉంది.