రేచీకటికి మేనరికం తోడైతే...

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో బి షిఫ్టు రాత్రి పదింటికి దిగుతుంది. కూర్మన్నపాలెం వైపు బండ్లు బారులు తీరతాయి. అందులో ఒకాయన ఉన్నాడనుకుందాం. పగలు ఆయన చూపుకి వంకలేదు. దూరంగా వచ్చే బస్సు నంబరు అందరికన్నా ముందు చదువుతాడు. చీకటి పడితే మాత్రం బండి తీయడు, తోటివాడి వెనక ఎక్కుతాడు. సినిమా హాల్లో లైట్లు ఆర్పాక అడుగు పెడితే ఎవరి కాలో తొక్కుతాడు. ‘రాత్రిపూట చూపు ఆనదండీ. మా మేనమామకీ ఇంతే’ అంటాడు. ఇరుగుపొరుగు బొప్పాయి, మునగాకు తినమంటారు. తింటాడు. చూపు మాత్రం మారదు.

ఆకుకూరల సలహా తప్పు కాదు. కానీ అందరూ వినీ విననట్టు వదిలేసిన ‘మా మేనమామకీ ఇంతే’ అన్న మాటలోనే అసలు సంగతి ఉంది.

రేచీకటిలో ముఖ్య రకాలు రెండు

విటమిన్-ఎ తక్కువై వచ్చే రేచీకటి ఒకటి. అందాల్సింది అందితే తగ్గిపోతుంది. రెండోది పుట్టుకతో వెంట వచ్చేది. డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు, క్లుప్తంగా ఆర్‌పీ. కంటి వెనక గోడకి అతుక్కుని ఉండే పలుచని పొర రెటీనా. మసక వెలుతురులో చూపునిచ్చే దండకణాలు అందులో 12 కోట్ల దాకా ఉంటాయి. రంగులనూ అక్షరాలనూ పట్టుకునే శంకుకణాలు 60 లక్షలు. ఆర్‌పీలో ముందుగా పోయేవి దండకణాలు. అందుకే తొలి దెబ్బ రాత్రి చూపు మీద. ఆ తర్వాత పక్కచూపు తగ్గుతూ, లోకం గొట్టంలోంచి చూసినట్టవుతుంది. ఎదురుగా ఉన్న పేపరు చదవగలిగిన మనిషే పక్కనున్న బిందె తన్నుకుంటాడు. ‘కళ్లు నెత్తికెక్కాయా?’ అని తిట్లు తింటాడు.

ప్రపంచం మొత్తం మీద సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. దీనికి కారణమయ్యే జన్యువులు 80కి పైగా బయటపడ్డాయి. పేరు ఒకటే, కారణాలు డజన్ల కొద్దీ.

చతురస్రం, వృత్తం, జంట గీత

వంశపారంపర్య కంటిజబ్బు అనుమానం వస్తే డాక్టరు ముందు తెల్ల కాగితం తీస్తారు. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం. జబ్బున్నవాళ్ల బొమ్మ నల్లగా నింపుతారు. భార్యాభర్తల మధ్య ఒక గీత. ‘మాది మేనరికమండీ’ అనగానే ఆ గీత పక్కన ఇంకో గీత పడుతుంది. మన ప్రాంతంలో ఈ జంట గీత అరుదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పెళ్లిళ్లలో దాదాపు పావువంతు చుట్టరికంలో జరిగినవే. దేశం మొత్తం మీద అది పదకొండు శాతం దగ్గరే ఉంది.

లెక్క సులువైనదే. జన్యువుల్లో చాలావాటికి మనలో రెండేసి ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. చాలా రకాల ఆర్‌పీ రావాలంటే రెండు ప్రతులూ చెడాలి. ఒకటే చెడితే మనిషి వాహకుడు మాత్రమే, చూపుకి ఢోకా లేదు. మేనమామ వాహకుడైతే, అదే లోపం అక్క కూతురికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనత్త కూతురైతే ఎనిమిదింట ఒకటి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నూటికి 25. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదన్న భరోసా ఏమీ లేదు.

‘పిల్ల మన కళ్లముందే ఉంటుంది, ఆస్తి చెదరదు’ అన్న పెద్దల ఆలోచనలో దురుద్దేశం లేదు. మేనరికం చేసుకున్న ఇళ్లలో చాలామంది పిల్లలు నిక్షేపంగానే ఉంటారు. మేనరికం లోపాన్ని కొత్తగా పుట్టించదు, దాగి ఉన్నదాన్ని జత కలుపుతుంది. మేనరికం లేని ఇళ్లలోనూ ఆర్‌పీ వస్తుంది. కొన్ని రకాల్లో తల్లికి చూపు బాగానే ఉంటుంది, కొడుకులకి వస్తుంది. ఆ తల్లిని నిందించడమంత అన్యాయం ఇంకోటి లేదు.

జన్యువుకి పొగ తోడైతే

వయసు మీద పడ్డాక రెటీనా నడిబొడ్డున ఉండే మాక్యులా క్షీణించడం ఇంకో కథ. ఇక్కడ జన్యువు తీర్పు చెప్పదు, మొగ్గు చూపుతుందంతే. సీఎఫ్‌హెచ్ అనే జన్యువులోని ఒక మార్పు ఈ ముప్పు పెంచుతుందని 2005లో తేలింది. మరుసటి ఏడాదే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు మన దేశపు రోగుల్లోనూ ఆ సంబంధాన్ని చూపించారు. జన్యువుని మార్చుకోలేం. మన చేతిలో ఉన్న ముప్పు పొగ. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా ఒకటే. నిప్పు కొనని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర తీరానికి కొత్తేమీ కాదు. అది నోటికి చేసే చేటు చాలామందికి తెలుసు. పొగ కంటికీ శత్రువేనన్నది మాత్రం తక్కువమందికి తెలుసు.

తెలిస్తే లాభమేంటి?

మళ్లీ ఆర్‌పీ దగ్గరికి వద్దాం. ‘మందు లేని జబ్బుకి పరీక్షలెందుకు?’ అని అడిగేవాళ్లుంటారు. ముందు ఆ పరీక్షలేంటో చూద్దాం. ఈఆర్‌జీ పరీక్షలో మనిషిని ఇరవై నిమిషాల పాటు చీకట్లో కూర్చోబెట్టి, తర్వాత కంట్లోకి వెలుగు మెరిపిస్తారు. రెటీనా ఎంత విద్యుత్తుతో బదులిచ్చిందో కొలుస్తారు. రక్త పరీక్షతో ఏ జన్యువో తెలుసుకునే వీలుంది. ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపానికి లక్స్‌టర్నా అనే జన్యుచికిత్సను అమెరికా 2017 డిసెంబరులో ఆమోదించింది. ప్రకటించిన ధర రెండు కళ్లకీ కలిపి 8.5 లక్షల డాలర్లు! సామాన్యుడికి అందేది కాదు, ఆ ఒక్క జన్యువుకి తప్ప పనికిరాదు. అయినా ఏ జన్యువో తెలియనివాడికి రేపు చవకైన చికిత్స వచ్చినా దారి దొరకదు.

ఉద్యోగి తెలుసుకోవాల్సింది మరొకటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఎదుటి అక్షరాలు చదవగలిగినా చూపు పరిధి 40 డిగ్రీలకన్నా తగ్గితే అల్పదృష్టి కిందకే వస్తుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ సంస్థ మనిషిని తీసేయడానికీ, హోదా తగ్గించడానికీ వీల్లేదు. ప్రభుత్వ రంగంలోని ఉక్కు ఫ్యాక్టరీకీ, పోర్టుకీ ఇది వర్తిస్తుంది. క్రేను మీద రాత్రి డ్యూటీ చేస్తూ చూపు సంగతి దాచిపెట్టడం ఆ మనిషికీ ప్రమాదమే, కింద నిలబడ్డవాళ్లకీ ప్రమాదమే.

విశాఖలో చూపించుకునే చోట్లకి కొదవలేదు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ ఆస్పత్రి 2006 నుంచి నడుస్తోంది.

పెళ్లి మాటలకి కూర్చున్నప్పుడు జాతకాలు, కట్నకానుకలు అన్నీ అడుగుతాం. ఈసారి ఇంకొక్క ప్రశ్న కలపండి: ‘మీ ఇంట్లో ఎవరికైనా రాత్రిపూట చూపు ఆనదా?’ అవునంటే సంబంధం వదులుకోమని కాదు, ముహూర్తం కన్నా ముందు కంటి డాక్టరుని కలవమని.