గద్దల లెక్క: ఆకాశంలో ఎగిరే పక్షుల్ని ఎలా లెక్కపెడతారు? భోగాపురానికి ఆ లెక్క ఎందుకు?

భోగాపురం: బరువు సుమారు 150 గ్రాములు. ప్రయాణం 5,600 కిలోమీటర్లు. పట్టిన టైమ్ దాదాపు ఆరున్నర రోజులు! 2025 నవంబర్‌లో మణిపూర్ నుంచి బయల్దేరిన 'అలాంగ్' అనే ఆడ అముర్ ఫాల్కన్ రికార్డు ఇది. దారిలో తెలంగాణలో ఒక రాత్రి, మహారాష్ట్రలో మూడు గంటలు మాత్రమే ఆగింది. ఆ తర్వాత అరేబియా సముద్రం దాటి కెన్యా చేరింది.

ఇదంతా ఎలా తెలిసిందంటే.. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా దాని వీపుకు శాటిలైట్ ట్యాగ్ పెట్టింది. కానీ ఆ సీజన్‌లో అక్కడ ట్యాగ్ పెట్టింది మూడు పక్షులకే. అదే దారిలో వెళ్లే మిగతా వేల పక్షుల సంగతేంటి? వాటిని మనుషులే కళ్లతో చూసి లెక్కపెట్టాలి.

ఎందుకు వస్తాయి?

ఉత్తరాన చలి ముదిరితే పురుగులు, ఎలుకలు, చిన్న పక్షులు దొరకడం కష్టం. అందుకే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా డేగలు, గద్దలు దక్షిణానికి దిగుతాయి. కొన్ని అముర్ ఫాల్కన్‌లా మన మీదుగా ఆఫ్రికా వెళ్లిపోతాయి. చేపల్ని పట్టే కొరమీను గద్ద, పొలాల మీద తక్కువ ఎత్తులో తిరిగే పిల్లి గద్ద లాంటివి చలికాలమంతా మన దగ్గరే ఉంటాయి.

పెద్ద గద్దలు రెక్కలు ఎక్కువ ఆడించవు. ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కదా, ఆ గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు వెళ్తాయి. అక్కడి నుంచి జారుకుంటూ ముందుకు సాగుతాయి. సముద్రం మీద ఈ వేడిగాలి సాయం సరిగా దొరకదు. అందుకే చాలావరకు నేల మీదుగానే వెళ్తాయి.

లెక్క ఇలా..

నాలుగు దిక్కులా ఆకాశం కనిపించే ఒకే చోటు ఎంచుకోవాలి. కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు బైనాక్యులర్‌తో చూస్తుంటే ఇంకొకరు రాసుకుంటారు. ఉదయం ఎండ ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా గంట గంటకీ విడిగా రాయాలి. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఉందా అన్నదీ నోట్ చేయాలి.

అసలు కిటుకు ఏంటంటే.. గుంపుగా గుండ్రంగా తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. ఒకే పక్షిని రెండుసార్లు లెక్కేసే ప్రమాదం ఉంది. పైకి వెళ్లి, వరసగా ఒక దిక్కుకి జారుతున్నప్పుడే లెక్కపెట్టాలి. చేపల మార్కెట్, చెత్తకుప్పల చుట్టూ రోజూ తిరిగే లోకల్ గద్దల్ని ఈ లెక్కలో కలపకూడదు. ఒక్కటీ కనిపించని రోజు 'సున్నా' అని రాయాల్సిందే. అది కూడా సమాచారమే!

లెక్క లేకపోతే ఏమవుతుంది?

రాబందుల కథే దీనికి సాక్ష్యం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పార్కులో 1980ల నాటి రాబందుల లెక్కలు ఉన్నాయి. 1990ల చివర్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ మళ్లీ లెక్కపెడితే భారీ తగ్గుదల బయటపడింది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశం నిషేధించింది. అప్పటికే చాలా ఆలస్యమైంది. కానీ పాత లెక్కే లేకపోతే ఆ మాత్రం కూడా తెలిసేది కాదు.

అమెరికాలోని హాక్ మౌంటెన్‌లో 1934 నుంచి ఇలాంటి లెక్క నడుస్తోంది. డీడీటీ పురుగుమందు ముప్పును బయటపెట్టిన రేచల్ కార్సన్ తన పుస్తకంలో ఆ లెక్కల్నే వాడుకున్నారు.

భోగాపురానికి ఎందుకు?

ఒకవైపు సముద్రం, పడమర తూర్పు కనుమలు, మధ్యలో పొలాలు, చెరువులు. వీటి నడుమే అల్లూరి సీతారామరాజు ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్‌కి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. రన్‌వే దగ్గర పెద్ద గద్ద ఒక్కటి ఇంజిన్‌లో పడినా విమానానికి ప్రమాదమే, పక్షికైతే చావే. ఏ నెలలో, ఏ గంటలో, ఎంత ఎత్తులో గద్దలు ఎగురుతున్నాయో తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. ఎయిర్‌పోర్ట్‌కి 10 కిలోమీటర్ల లోపు బహిరంగంగా మాంసం కొట్టడం, గద్దల్ని రప్పించేలా చెత్త పారేయడం నిషేధం. ఆ రూల్ వెనక ఉన్న కారణం కూడా ఇదే.

చుట్టూ ఊళ్లు, రోడ్లు మారిపోయాక 'ఒకప్పుడు ఇక్కడ ఎన్ని ఉండేవి?' అని అడిగితే జవాబు చెప్పడానికి ఇప్పటి లెక్క ఉండాలి. వెనక్కి వెళ్లి లెక్కపెట్టలేం కదా!

మీరేం చేయొచ్చు?

ఏటా అక్టోబర్‌లో 'అక్టోబర్ బిగ్ డే' పేరుతో ప్రపంచమంతా ఒకే రోజు పక్షుల్ని లెక్కపెడుతుంది. ఈ-బర్డ్ యాప్ ఫ్రీ. పేరు తెలియకపోతే ఊహించి రాయొద్దు, 'గుర్తు తెలియని గద్ద' అని పెట్టండి. దసరా సెలవుల్లో డాబా ఎక్కి ఓ గంట పైకి చూడండి. మీరు రాసిన ఆ ఒక్క అంకె, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికో తొలి ఆధారం కావచ్చు.