ఆటల కంప్యూటరునకు తగిన మెమరీ

గత వేసవి సెలవులలో మా పాఠశాల విద్యార్థి యొకడు మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఆటలాడుకొనుటకు కంప్యూటరును నేనే కూర్చుకొనుచున్నాను. మెమరీ యేది కొనమందురు?" అని యడిగెను. వాని తండ్రి కుట్టుపనివాడు. రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఒక్కొక్క భాగమే కొనుచుండిరి. మేము ఆలోచింపక, "మెమరీ యేదైన నొకటే, చవుకగా దొరకినది కొనుము" అంటిమి. వాడట్లే కొనెను. అది బోర్డులో దిగలేదు. బలముగా నొక్కగా బోర్డుమీది గాడి విరిగెను. మెమరీకి పెట్టిన సొమ్మే గాక బోర్డు వెలయు నష్టమయ్యెను. ఆ తప్పు బాలునిది కాదు, మాది. మరియొక యింట నట్టి నష్టము కలుగకుండుటకై, పిదప మేము నేర్చుకొన్న సంగతుల నిచ్చట వ్రాయుచున్నాము.

మెమరీ యనగా నేమి? పాఠశాల కార్యాలయమును తలచుకొనుడు. గుమాస్తాగారు ప్రాసెసరు, గోడవారనున్న బీరువా డిస్కు, ఆయన యెదుటనున్న బల్ల మెమరీ. బీరువాలోని రిజిస్టరును బల్లమీదికి తెచ్చినగాని పని సాగదు. అయితే యీ బల్లమీది వ్రాత నిలుచునది కాదు. ఒక్కొక్క బిట్టును ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు గల చిన్న గదిలో విద్యుదావేశముగా నుంచుదురు. ఆ యావేశము కారిపోవుచుండును గనుక సెకనుకు అనేక పర్యాయములు మరల నింపవలెను. కరెంటు పోయినచో అంతయు పోవును. ఈ పద్ధతిని రాబర్టు డెన్నార్డు 1966వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థలో కనిపెట్టెను, 1968లో దానికి పేటెంటు లభించెను.

మొదట చూడవలసినది మెమరీ జాతి. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను రెండు జాతులు విరివిగా వాడుకలో నున్నవి. రెంటికిని 288 కాళ్లే. పొడవును ఇంచుమించు సమానమే. కాని అంచునందలి గంటు వేరువేరు చోట్ల నుండును. కావున ఒకదాని గాడిలో నొకటి దిగదు, దింపనుకూడదు. 2022లో వచ్చిన ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5ను మాత్రమే గ్రహించును. అంతకు ముందటి ఎ.ఎం.4 బోర్డులకు డి.డి.ఆర్.4 కావలెను. ఇంటెల్ వారి 12వ తరము ప్రాసెసర్లు రెంటితోను పనిచేయును గాని, ఏది కావలెనో బోర్డును బట్టి యుండును. కావున బోర్డు పేరు చదువక మెమరీ కొనరాదు. ల్యాప్‌టాపు మెమరీ పొట్టిది. అది యిచ్చట పనికిరాదు.

రెండవది పరిమాణము. ఇప్పటి ఆటలకు 16 గిగాబైట్లు కనీసము; 32 గిగాబైట్లు సుఖము. బల్ల చాలనిచో గుమాస్తాగారు మాటిమాటికి బీరువాకు పోవలసి వచ్చునట్లు, మెమరీ చాలనిచో కంప్యూటరు డిస్కు నాశ్రయించును. అప్పుడు ఆట తడబడును. అట్లని బల్ల మరింత పెద్దదైనంతమాత్రమున గుమాస్తాగారి చేయి వేగముగా నాడదు. 64 గిగాబైట్లు కొని ఖాళీగా నుంచుటకంటె ఆ సొమ్మును గ్రాఫిక్సు కార్డునకు వినియోగించుట మేలు. ఆ కార్డునకు దాని మెమరీ వేరుగా నుండును. ఈ మెమరీని పెంచినచో అది పెరుగదు.

మూడవది జత. ఒక 32 గిగాబైట్ల పలకకంటె రెండు 16 గిగాబైట్ల పలకలు శ్రేష్ఠము. ఒక్కొక్క పలకకు 64 బిట్ల వెడల్పుగల త్రోవ కలదు. రెండున్నచో 128 బిట్లు ఒక్కసారి నడచును. రెంటిని ఒకే పెట్టెలో జతగా అమ్మినవానినే కొనవలెను. నాలుగు గాళ్లున్న బోర్డులో సాధారణముగా ప్రాసెసరునుండి రెండవ, నాలుగవ గాళ్లలో నుంచవలెను. బోర్డుతో వచ్చిన పుస్తకమును చూచి నిశ్చయించుకొనుడు. గ్రాఫిక్సు కార్డు లేనివారికి ఈ నియమము మరింత ముఖ్యము. ఏలయన వారి ప్రాసెసరు బొమ్మలు గీయుటకును ఈ మెమరీనే వాడుకొనును.

నాలుగవది వేగము. పెట్టెమీద 6000 అని యున్నచో సెకనుకు 600 కోట్ల మార్పిడులని యర్థము. దాని ప్రక్కనే సి.ఎల్. అను అంకె యుండును. అది పిలిచిన తరువాత పలుకుటకు పట్టు ఆలస్యమును తెలుపును. విద్యార్థులారా, ఈ లెక్క చేసి చూడుడు: సి.ఎల్. అంకెను 2000చే గుణించి వేగముచే భాగించినచో ఆలస్యము నానోసెకనులలో వచ్చును. డి.డి.ఆర్.4 3200, సి.ఎల్. 16 అయినచో 10. డి.డి.ఆర్.5 6000, సి.ఎల్. 30 అయినను 10. అదే వేగమునకు సి.ఎల్. 40 అయినచో 13.3. కావున సి.ఎల్. అంకెను మాత్రమే చూచి మోసపోరాదు. రెండంకెలను కలిపి చూడవలెను. రైజెన్ 7000 తరగతి ప్రాసెసర్లకు 6000 వేగము, సి.ఎల్. 30 గల జత చక్కగా నప్పును.

ఇంకొక సంగతి పలువురు మరతురు. మెమరీని అమర్చినంతనే అది పెట్టెమీది వేగముతో నడువదు; తక్కువ వేగముతోనే మొదలిడును. కంప్యూటరును వెలిగించునపుడు బయోసులో ప్రవేశించి ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అను ఏర్పాటును తెరువవలెను. అట్లు చేయనివారు సొమ్మిచ్చి కొన్న వేగమును పొందకయే యుందురు. రంగురంగుల దీపములవలన వేగము పెరుగదు. ఎత్తైన రేకులు ప్రాసెసరు పంకాకు అడ్డురావచ్చును.

2025 చివర మెమరీ ధరలు మిక్కిలి పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న డేటా కేంద్రములు మెమరీని విస్తారముగా కొనుటయే ముఖ్య కారణము. ఇట్టి కాలమున తప్పు కొనుగోలు సామాన్య కుటుంబమునకు చిన్న దెబ్బ కాదు.

విరిగిన బోర్డు వెల మేమే యిచ్చెదమనగా ఆ తండ్రి సగము మాత్రమే తీసికొని, "మీరు చెడు తలంచి చెప్పలేదు గదా" అనెను. ఆ మాట మమ్ము మిగుల సిగ్గుపరచెను. ఇప్పుడు ఆ కంప్యూటరు చక్కగా నడుచుచున్నది. ఎక్స్‌పో సంగతి మాకు నేర్పినది ఆ బాలుడే. తెలియని దానిని తెలియదని చెప్పుట ఉపాధ్యాయునకు అవమానము కాదని మేమును నేర్చుకొంటిమి.