మూడు తరాల సాక్ష్యం ఎవరి బీరువాలో ఉంది?

తెలంగాణలో అటవీ విద్య గురించి సాగిన కొద్దిపాటి చర్చ భవనాలు, కోర్సులు, ఉద్యోగాల చుట్టూనే తిరిగింది. 2016లో మొదలైన అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ ఇప్పుడు ములుగులో ఉంది. (ములుగు అనగానే మేడారం జాతర గుర్తుకు వస్తుంది. ఇది ఆ ములుగు కాదు, సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి పక్కన ఉన్న ములుగు.) దానిని విశ్వవిద్యాలయంగా మార్చే బిల్లును శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించింది. అడవిని శాస్త్రంగా చదివే చోట, అడవి అంచున బతికే దళితుడి స్థానం ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో నాకు వినిపించలేదు.

ఆ ప్రశ్నకు చట్టపరమైన ముఖం ఒకటి ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవివాసులను రెండు వర్గాలు చేసింది. షెడ్యూల్డ్ తెగల వారు 2005 డిసెంబరు 13 నాటికి భూమి తమ అధీనంలో ఉన్నట్టు చూపాలి. 'ఇతర సంప్రదాయ అటవీవాసులు' అంతకు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే నివసిస్తూ అడవిపై ఆధారపడినట్టు కూడా నిరూపించుకోవాలి. అడవి పల్లెల్లోని మాల, మాదిగ, నేతకాని కుటుంబాలు ఈ రెండో వర్గంలోకి వస్తాయి. వెనక్కి లెక్క వేస్తే 1930 దగ్గర ఆగుతాం. ఆనాటి నిజాం రాజ్యంలో వెట్టి చేసే మాదిగ కుటుంబం చేతిలో ఏ కాగితం ఉంటుంది? పహాణీలో పేరుండాలంటే ముందు భూమి ఉండాలి. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సుమారు నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ ప్రారంభించినప్పుడు, అవి గిరిజనులకే పరిమితమయ్యాయి. తిరస్కరణకు గురైన వారికి పట్టా రాకపోవడంతోనే కథ ముగియదు. అలాంటి వారిని ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అదే నెల 28న దానిని నిలిపివేసింది. ఆ పదిహేను రోజుల భయం ఇంకా తొలగిపోలేదు.

ఆదివాసీ మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. 'ఇతరుల' పేరిట తలుపు తెరిస్తే ముందుగా లోపలికి వచ్చేది దళితుడు కాదు, ఏజెన్సీలో భూములు కాజేసిన అగ్రకుల వలసదారు అని. 1/70 చట్టం ఉన్నా ఏం జరిగిందో చూసినవారు ఆ మాటను తోసిపుచ్చలేరు. నేనూ తోసిపుచ్చను. అందువల్లనే మూడు తరాల కూలిని, నిన్న మొన్న వచ్చిన కాంట్రాక్టరును వేరు చేసి చూపగల సాక్ష్యం కావాలంటున్నాను. ఆ సాక్ష్యం లేనంతకాలం ఆదివాసీ, దళిత సమాజాలు ఒకరినొకరు అనుమానించుకుంటూనే ఉంటాయి. లాభం మూడోవాడిది.

విశ్వవిద్యాలయం పని ఇక్కడే మొదలవుతుంది. అటవీ హక్కుల నియమావళిలోని 13వ నిబంధన ఏయే ఆధారాలు చెల్లుతాయో చెబుతుంది. అందులో ఓటరు కార్డుల వంటి గుర్తింపు పత్రాలతో పాటు పటాలు, అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్లు, ఇతర అటవీ రికార్డులు ఉన్నాయి. గ్రామ పెద్దల వాంగ్మూలం ఉంది. పేరున్న సంస్థలు ఆచారాలపై, సంప్రదాయాలపై చేసిన పరిశోధన కూడా ఉంది. పేదవాడిని అడుగుతున్న సాక్ష్యంలో చాలా భాగం అడగడానికి వచ్చిన శాఖ బీరువాలోనే ఉందన్నమాట. పాత రికార్డులో కట్టెల మోపుతో పట్టుబడిన నేరస్తుడిగా ఎవరి పేరైనా దొరికితే, ఆ కుటుంబం ఆనాడు అక్కడ ఉందనడానికి అంతకు మించిన రుజువు ఏముంటుంది?

ఈ పనిని అటవీ శాస్త్రం తనదిగా భావించకపోవడానికి దాని పుట్టుకే కారణం. బ్రిటిష్ ప్రభుత్వం అటవీ చట్టం తెచ్చిన 1878లోనే డెహ్రాడూన్ అటవీ పాఠశాల ఏర్పడింది. చట్టాన్ని అమలు చేసే చేతులను ఆ పాఠశాల తయారుచేసింది. కలపను కొలవడం, హద్దులు కాయడం చదువు అయ్యాయి. మిగిలినదంతా కూలిపని అయింది.

తునికాకునే చూడండి. వేసవికి ముందు తునికి మొదళ్లను ఎప్పుడు, ఎంత ఎత్తులో నరికితే లేత చిగురు వస్తుందో, ఏ ఆకు బీడీకి పనికొస్తుందో, 50 ఆకుల కట్టను కల్లంలో ఎలా ఆరబెడితే మచ్చ పడదో ఆ పల్లెల స్త్రీలకు తెలుసు. తరగతి గదిలో ఆ మొదటి పనికి శాస్త్రీయమైన పేరు ఉంది, పరీక్షలో మార్కులు ఉన్నాయి. అదే పని చేసే దళిత స్త్రీకి కట్ట లెక్కన కూలి ఉంది. చేసేవారి జ్ఞానాన్ని కూలిగా, రాసేవారి కూలిని జ్ఞానంగా లెక్కగట్టే ఈ పద్ధతి మనకు ఊళ్లో బాగా పరిచయమైనదే. అడవిలోకి వెళ్లేసరికి దానిని శాస్త్రం అంటున్నాం.

పరిశోధన పట్టాగా మారిన ఉదాహరణ మన నేలమీదే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తరువాత నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల అధ్యయనానికి నియమించింది. రిజర్వు హద్దులు గోండుల సాగు భూములను ఎలా మింగాయో ఆయన నివేదికలు నమోదు చేశాయి. ఆ తరువాత వేలాది గోండులకు పట్టాలు వచ్చాయి. ఆ గూడేల పక్కనే బతికిన దళిత వాడలకు అలాంటి నివేదిక రాసిన వారు లేరు.

అటవీ విద్యార్థి చదువులో ఒక సెమిస్టరు ఈ పనికి కేటాయించడం అసాధ్యమేమీ కాదు. ఒక పల్లెను తీసుకుని పాత పటాలను, వర్కింగ్ ప్లాన్లను, పెద్దల మాటను పక్కపక్కన పెట్టి నివాస చరిత్ర రాయాలి. దానిని గ్రామసభ ముందు చదివి, గ్రామసభకే అప్పగించాలి. ఆదివాసీ గూడెం, దళిత వాడ రెండింటి చరిత్రా ఒకే నివేదికలో ఉండాలి. ఇందుకు అటవీ శాఖ తన పాత దస్త్రాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. ఒక ఉర్దూ అధ్యాపకుడిని కూడా నియమించాలి. నిజాం కాలపు రికార్డులు ఉర్దూలో ఉన్నాయి, వాటిని చదవలేని అటవీ పట్టభద్రుడు 1930 నాటి తెలంగాణ పల్లె గురించి ఏ వాంగ్మూలమూ ఇవ్వలేడు.