రుమాలులో మత్తు

సినిమాలో విలన్ రుమాలు తీస్తాడు. హీరోయిన్ ముక్కుకు అదుముతాడు. ఆమె అక్కడికక్కడే పడిపోతుంది. మీరంతా చూసే ఉంటారు. ఆ రుమాలులో ఉన్నది క్లోరోఫాం. నిజానికి అది అంత గబుక్కున పని చేయదు. కొన్ని నిమిషాలు వరసగా పీల్చాలి. సినిమా వాళ్లకు అంత తీరిక ఎక్కడిది!

క్లోరోఫాం చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. రంగు లేదు. వాసన తియ్యన. నీళ్లకంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే నీళ్లలో పోస్తే నూనెలా తేలదు, అడుక్కు పోతుంది. 61 డిగ్రీల వేడికే మరిగిపోతుంది. వెలుతురు తగిలితే మెల్లగా విషవాయువుగా మారుతుంది. కాబట్టి ముదురు రంగు సీసాలో దాస్తారు.

దీన్ని దేనితో చేస్తారు? బావిలో వేసే బ్లీచింగ్ పౌడరు తెలుసు కదా. అందులో క్లోరిన్ ఉంది. దానికి సారాయిలో ఉండే ఆల్కహాలు కలిస్తే క్లోరోఫాం పుడుతుంది. 1831లో ఇలాగే కనిపెట్టారు. ఇంట్లో మాత్రం బ్లీచింగ్ పౌడరులో నీళ్లు తప్ప ఏదీ కలపకండి. దొడ్డి కడిగే యాసిడ్ అసలే వద్దు. అప్పుడు వచ్చే ఘాటు గాలికి ఊపిరి ఆడదు. తలుపు మూసి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు దీన్ని వాడాడు. నొప్పులు ఆడదానికి దేవుడు రాసినవి, తీసేయడం తప్పు అన్నవాళ్లూ ఉన్నారు. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం పీల్చింది. రాణిని ఎవరేమంటారు?

అయితే మత్తులోనే చనిపోయినవాళ్లూ ఉన్నారు. 1848లోనే ఇంగ్లండులో 15 ఏళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి పోయింది. ఎందుకిలా అని మన హైదరాబాదులో 1888, 1889లో నిజాం ఖర్చుతో పరీక్షలు చేశారు. ముందు ఆగేది ఊపిరి, దాన్ని కనిపెట్టి ఉంటే చాలు అన్నారు. అది పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోగలదు. ఆ రోజుల్లోనే హైదరాబాదులో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టరు అయింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమే అంటారు.

ఇప్పుడు ఆపరేషన్లకు క్లోరోఫాం వాడరు. అంతకంటే మంచి మందులు వచ్చాయి. కానీ మత్తు డాక్టరు మాత్రం వచ్చి "ఏమైనా తిన్నావా అమ్మా?" అని తప్పక అడుగుతారు. తిడతారని దాచకండి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుక్కెడు టీ తాగినా చెప్పండి.