పుకారుతో పడిపోయిన కోడి ధర

కోడికి ఏ రోగమూ లేదు. అయినా 2020లో కోళ్ల రైతు నిలువునా మునిగాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో 'చికెన్ తింటే కరోనా వస్తుంద'నే మాట వాట్సాప్‌లో ఊరూరా పాకింది. అన్నోజిగూడ, ఘట్‌కేసర్ వైపు ఫారాలకు దగ్గరి గిరాకీ ఉప్పల్, నాచారం దుకాణాలే. అక్కడ కొనేవాడు వెనుదిరిగితే ఇక్కడ షెడ్డు ఖాళీ కాదు.

బియ్యం బస్తాలాగా కోడిని దాచుకోలేం. ఆరు వారాలకు బ్రాయిలర్ అమ్మకానికి వస్తుంది. ఆ తర్వాత ఉంచితే ఒక్కో కోడి రోజుకు 150 గ్రాములకు పైగా మేత తింటుంది. అంటే 5,000 కోళ్ల షెడ్డుకు రోజూ ఏడున్నర క్వింటాళ్లు. పైగా ఎండలు ముదిరితే చావులు. అందుకే వచ్చిన ధరకు తెగనమ్ముకున్నారు. కోళ్లు తగ్గితే మేతకు పోయే మక్కలకూ గిరాకీ తగ్గుతుంది.

కోడి ద్వారా కరోనా వస్తుందనడానికి ఆధారం లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ చెప్పింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదికపైనే చికెన్ తిని చూపించారు. అయినా మార్చిలో ధర ఇంకా పడింది. భయం ఒక్కరోజులో పట్టుకుంటుంది గాని, ఒక్కరోజులో వదలదు. అదే నిజాన్ని పదిమంది పదిసార్లు చెప్పాక గానీ జనం మళ్లీ దుకాణానికి రాలేదు. అప్పటికి చాలామంది కొత్త పిల్లలు వేయడం మానేశారు. కోళ్లు కరువై ఏప్రిల్‌లో ధర ఎగబాకింది. ఆ లాభం షెడ్డులో కోళ్లు ఉన్నవాళ్లకే దక్కింది.

రైతులు ఏం చేయాలి?

పుకారు వినగానే పశువైద్యాధికారిని అడగండి. ఆయన చెప్పిన మాటను మీ దగ్గర కొనే దుకాణదారుకు చేరవేయండి. గిరాకీదారు నమ్మేది అతని మాటే. 'ఇది అబద్ధం' అని ఊరుకోక, కారణం కూడా చెప్పండి. అబద్ధపు వీడియోను తిట్టడానికైనా సరే, ఇంకొకరికి పంపకండి.

అయితే నిజమైన రోగాన్ని దాచవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిజంగానే వచ్చింది. కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే వెంటనే పశువుల దవాఖానాకు తెలపండి. చచ్చిన కోళ్లను బయట పారేయకండి, అమ్మకండి. 70 డిగ్రీల వేడిలో బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదని కొనేవారికి చెప్పండి. రోగం వచ్చిన రోజు దాచిన రైతు మాట, పుకారు వచ్చిన రోజు ఎవరూ నమ్మరు.